పాపం, శ్రమ, ఋణం: ఉత్తరాంధ్ర క్రైస్తవ కీర్తనలో కీడు సమస్య

ఉపోద్ఘాతం

దేవుడు దయామయుడు, సర్వశక్తిమంతుడు అయినప్పుడు లోకంలో కీడు, దుఃఖం ఎందుకున్నాయి? క్రైస్తవ వేదాంతంలో ఇంతకన్నా పాత ప్రశ్న, ఇంతకన్నా తెగని ప్రశ్న మరొకటి లేదు. 1710లో లైబ్నిజ్ ఈ చర్చకు 'థియోడిసీ' అని పేరు పెట్టాడు. దానిని తెలుగులో 'దైవన్యాయ సమర్థన' అనవచ్చు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే అగస్టీన్ ఈ ప్రశ్నకు రెండు సమాధానాలిచ్చాడు. కీడుకు స్వతంత్రమైన ఉనికి లేదని, అది మేలు లోపించిన స్థితి మాత్రమేనని ఒకటి. మానవుడు తన స్వేచ్ఛను దుర్వినియోగం చేయడం వల్ల కీడు లోకంలో ప్రవేశించిందని మరొకటి. 1966లో జాన్ హిక్ ఐరేనియస్ ఆలోచనను తిరిగి ముందుకు తెచ్చి, ఆత్మ పరిపక్వతకు దుఃఖం ఒక పాఠశాల వంటిదని వాదించాడు.

ఈ వాదాలన్నీ తర్కభాషలో నడిచినవి. తెలుగు క్రైస్తవ సమాజం తన వేదాంతాన్ని ప్రధానంగా శాస్త్రగ్రంథాల్లో కాక పాటలో భద్రపరచుకుంది. కాబట్టి తెలుగులో కీడు సమస్యను పరిశీలించదలచినవారు కీర్తన దగ్గరికే వెళ్లాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతానికి ఇందులో ప్రత్యేక స్థానముంది. తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యుల్లో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) జీవితం ఈ నేలతో పెనవేసుకున్నది. దేవుణ్ణి నిలదీసిన శతకం, అప్పు కింద నలిగిన కుటుంబపు కథ కూడా ఈ నేలలోనే పుట్టాయి. ఈ మూడింటినీ పక్కపక్కన నిలిపి చదివితే క్రైస్తవ కీర్తన కీడు సమస్యను ఎలా ఎదుర్కొన్నదో, ఎక్కడ తప్పుకున్నదో స్పష్టమవుతుంది. ఈ వ్యాసం ఆ ప్రయత్నమే చేస్తుంది.

కర్మ, ఆదిపాపం: వెనక్కి చూసే రెండు సమాధానాలు

1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సహాయంతో సువార్తల అనువాదం సాగింది. ఆ సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అవి ప్రవేశించిన సమాజం దుఃఖానికి కారణం తెలియని సమాజం కాదు. 'ఏ జన్మలో చేసుకున్న పాపమో', 'నుదుటి రాత', 'నా ఖర్మ' అనే మాటలు పండితుడి నోటా పామరుడి నోటా ఒకేలా పలికేవి. దైవన్యాయ సమస్యకు కర్మసిద్ధాంతం తార్కికంగా అత్యంత సమగ్రమైన పరిష్కారమని మాక్స్ వెబర్ భావించాడు. ప్రతి దుఃఖానికీ ఒక క్రియ, ప్రతి క్రియకూ ఒక ఫలం. ఆ లెక్కలో శేషం మిగలదు.

ఈ లెక్కను పందొమ్మిదో శతాబ్దపు క్రైస్తవ వాదులు ఖండించారు. గుర్తులేని జన్మలో చేసిన తప్పుకు ఈ జన్మలో శిక్ష పడితే అది న్యాయమెలా అవుతుందన్నది వారి ప్రశ్న. ప్రశ్న బలమైనదే. అయితే అది అడిగినవారి మీదికే తిరిగి వస్తుంది. తాను మరిచిన తన క్రియకు ఫలం అనుభవించడం అన్యాయమైతే, తానెన్నడూ చేయని ఆదాము క్రియకు ఫలం అనుభవించడం అంతకన్నా పెద్ద అన్యాయం కాదా? కర్మసిద్ధాంతంలో కనీసం కర్త, భోక్త ఒక్కరే. ఆదిపాప సిద్ధాంతంలో వారు వేరువేరు. రెండు సిద్ధాంతాలూ దుఃఖపడుతున్న మనిషి ముందు నిలబడి, అతని వెనక్కి చూస్తాయి.

అలా వెనక్కి చూడడాన్ని నిరాకరించే ఘట్టాలు బైబిలులోనే ఉన్నాయి. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసిన శిష్యులు, పాపం చేసినది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని యేసును అడుగుతారు. తెలుగు పాఠకుడికి ఈ ప్రశ్న పరాయిది కాదు. పుట్టుకకు ముందే పాపం చేయడం సాధ్యమా అన్న సందేహం పాశ్చాత్య వ్యాఖ్యాతకు కలుగుతుంది కాని జన్మాంతరాలను నమ్మే ఇంటిలో పెరిగినవాడికి కలగదు. యేసు రెండు ప్రత్యామ్నాయాలనూ తోసిపుచ్చి, దేవుని క్రియలు అతనియందు వెల్లడి కావలసి ఉందని చెబుతాడు. చూపు గతం నుంచి భవిష్యత్తు వైపు మళ్లింది. ఈ సమాధానంలోనూ చిక్కు లేకపోలేదు. దేవుని మహిమ వెల్లడి కావడానికి ఒక మనిషి పుట్టినది మొదలు చీకటిలో ఉండాలా? యోబు గ్రంథం మరో అడుగు ముందుకు వేస్తుంది. దుఃఖం ఉంటే పాపం ఉండి తీరాలని వాదించిన ఎలీఫజు, బిల్దదు, జోఫరులను దేవుడే చివరికి తప్పుపడతాడు. దేవుణ్ణి నిలదీసిన యోబే యుక్తంగా మాట్లాడినవాడని తేలుతుంది.

స్వేచ్ఛావాదం మనిషి చేసే కీడును కొంతవరకు వివరించగలదు. 2018 అక్టోబరులో పలాస ప్రాంతంలో తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన తిత్లీ తుపానును గాని, ఒకే ఒక్క కారణం ఇదీ అని తేలకుండా ఉద్దానం పల్లెలను పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధిని గాని ఎవరి స్వేచ్ఛా దుర్వినియోగం పూర్తిగా వివరించగలదు? వాదం ఎక్కడ ఆగిపోతుందో అక్కడే మొర మొదలవుతుంది. కీర్తన ఆ మొరకు రూపమిచ్చిన ప్రక్రియ.

రెండు మాటల చరిత్ర

సిద్ధాంతం అనువాదంలోకి వచ్చేటప్పుడు దానిని మోసే మాటలు దానికి తమ గుణాన్ని అంటిస్తాయి. తెలుగు క్రైస్తవ పరిభాషలో కీడు సమస్యకు కీలకమైన రెండు మాటలను ఇక్కడ పరిశీలించాలి.

మొదటిది 'పాపం'. తెలుగులో ఈ మాటకు దోషం అన్న అర్థంతోపాటు జాలి అన్న అర్థం కూడా ఉంది. ఎండలో కాళ్లు కాలుతూ నడిచే పిల్లవాణ్ణి చూసి 'అయ్యో పాపం' అనే తల్లి ఆ పిల్లవాడిలో దోషాన్ని వెతకడం లేదు. ఒకే మాట ఒకచోట తీర్పు, మరొకచోట కనికరం. క్రైస్తవ బోధ మొదటి అర్థాన్ని మాత్రమే స్వీకరించింది. కాని వినేవారి చెవిలో రెండో అర్థం చెరిగిపోదు. సంస్కృత పదమే అయినా ఈ రెండో వాడుక తెలుగు నుడికారం సంపాదించుకున్నది. మనిషి 'పాపి' అని ప్రసంగపీఠం ప్రకటించినప్పుడు, అతడు జాలిపడదగినవాడు అన్న ధ్వని కూడా భాషలోనే పొంచి ఉంటుంది.

రెండోది 'శ్రమ'. తెలుగు బైబిలులో ఈ మాట సాధారణంగా బాధకు, హింసకు, ఉపద్రవానికి వాడబడింది. క్రీస్తు పొందిన యాతనలు 'క్రీస్తు శ్రమలు'. ఈస్టరుకు ముందటి నలభై దినాలు 'శ్రమల కాలం'. చెమటోడ్చి చేసే పనికి అనువాదకులు ఎక్కువగా 'ప్రయాస'ను ఎంచుకున్నారు. చర్చి వెలుపలి తెలుగులో మాత్రం శ్రమ అంటే పనే. ఇరవయ్యో శతాబ్దంలో 'శ్రమజీవి', 'శ్రమ దోపిడీ' వంటి సమాసాలు ఆ అర్థాన్ని మరింత స్థిరపరిచాయి. శ్రీకాకుళం పల్లెల్లో 1960ల చివర రైతాంగ, గిరిజన ఉద్యమం ఈ మాటను తన పతాకం మీదికి ఎత్తుకుంది. ఒకే ఊరిలో, ఒక వీధి ఆదివారం క్రీస్తు 'శ్రమ'ను పాడితే, మరో వీధి తన 'శ్రమ'కు విలువ కట్టమని అడిగింది. పొద్దంతా వరినాట్లు వేసి సాయంత్రం ఆరాధనకు వచ్చిన స్త్రీకి ఈ రెండు శ్రమలూ వేరుగా వినిపించాయని చెప్పడం కష్టం. పని చేసే దేహం, బాధపడే దేహం ఒక్కటే అన్న స్ఫురణ ఈ అనువాదంలో అనుద్దేశితంగానే నిలిచింది.

పురుషోత్తమ చౌదరి: వివరణ నుంచి మొరకు

పురుషోత్తమ చౌదరి పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన వంగ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. క్రైస్తవ గ్రంథ పఠనం, శ్రీకాకుళంలో ఒక ఆంగ్లేయ స్త్రీతో జరిగిన ధర్మచర్చలు అతని మతాంతరానికి దారితీశాయి. 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, అటుపై బోధకుడిగా, కవిగా దీర్ఘకాలం జీవించాడు. నూటికి పైగా కీర్తనలు రచించాడు. వాటిలో అనేకం 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనంలో చేరి, శాఖాభేదం లేకుండా నేటికీ పాడబడుతున్నాయి. పల్లవి, చరణాల విభాగం, శీర్షాన రాగతాళాల నిర్దేశం, యతిప్రాసల నియమం, సంస్కృతపద బహుళమైన శైలి, ఇవన్నీ అతడు వదిలివచ్చిన భక్తి సంప్రదాయం నుంచి తెచ్చుకున్న సామగ్రి. తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని భక్తి స్వరూపాన్ని ఆర్.ఆర్. సుందరరావు తన ఆంగ్ల గ్రంథంలో (1983) విస్తారంగా చర్చించారు. ఆ చర్చలో భక్తి కేంద్రం. కీడు సమస్యను కేంద్రంగా చేసుకుంటే అదే కీర్తన మరో ముఖాన్ని చూపుతుంది.

చౌదరి కీర్తనల్లో తరచు కనిపించే వక్త ఒక నేరస్థుడు. అతడు ప్రభువు ఎదుట నిలబడి తన దోషాన్ని ఒప్పుకుంటాడు, తనకు వేరే దిక్కు లేదంటాడు, దయ చూపమంటాడు. లోకంలో కీడు ఎందుకున్నదని అతడు అడగడు. కీడు నాలోనే ఉన్నదన్న గుర్తింపుతో పాట మొదలవుతుంది. తాత్త్వికుడి ప్రథమపురుష ప్రశ్న కీర్తనలో ఉత్తమపురుష నివేదనగా మారింది. ఈ మార్పు చిన్నది కాదు. కర్మసిద్ధాంతంలో ఫలాన్ని ఇచ్చేది ఒక నియమం, నియమాన్ని వేడుకోలేము. కీర్తనలో ఎదుట ఉన్నది ఒక వ్యక్తి; వ్యక్తిని వేడుకోవచ్చు. లెక్క స్థానంలో సంబంధం వచ్చింది. చౌదరి సాధించిన ప్రధాన పరివర్తన ఇదే. అతని పాట దుఃఖానికి కారణం చెప్పదు. దుఃఖితుడికి ఒక శ్రోతను ఇస్తుంది.

ఈ సాధనకు మూల్యం కూడా ఉంది. వక్త ఎప్పుడూ నేరస్థుడే అయినప్పుడు, నేరం చేయకుండానే బాధపడుతున్నవాడికి ఈ పాటలో గొంతు ఎక్కడిది? చౌదరి జీవితకాలంలోనే 1866 నాటి ఒడిశా మహాక్షామం, నేటి శ్రీకాకుళం ప్రాంతం అప్పుడు అంతర్భాగంగా ఉన్న గంజాం జిల్లాను కూడా పీడించింది. ఆకలితో చనిపోయిన బిడ్డ తల్లికి పశ్చాత్తాప కీర్తన ఏం చెబుతుంది? తన తప్పును ఒప్పుకోమనడం ఆమె ప్రశ్నకు జవాబు కాదు. యోబు స్నేహితులు చెప్పినదీ అదే కదా.

నిలదీత లోపం: కూర్మనాథకవితో పోలిక

దేవుణ్ణి నిలదీయడం తెలుగు భక్తికవిత్వానికి కొత్త కాదు. చెరసాలలో రామదాసు రాముణ్ణి నిష్ఠురాలాడాడు. ఉత్తరాంధ్రలో దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు గోగులపాటి కూర్మనాథకవి రచించిన 'సింహాద్రి నారసింహ శతకం' నిందాగర్భితమైన సీసపద్య శతకం. తురుష్క సేనలు సింహాచల ప్రాంతాన్ని కొల్లగొడుతుంటే కదలని దేవుణ్ణి కవి ఎత్తిపొడుస్తాడు. నీ పౌరుషమేమైంది, నీ పేరుకు అర్థమేమిటి అన్న ధోరణిలో ఆక్షేపణ సాగుతుంది. చివరికి తుమ్మెదలు దండుగా లేచి సేనలను తరిమాయని ఐతిహ్యం. ఐతిహ్యపు చారిత్రకత ఎలా ఉన్నా, శతకం వెనుక ఉన్న భావన ముఖ్యం. కీడు జరుగుతున్నప్పుడు దేవుడి మౌనం ఆక్షేపణీయం. ఆ ఆక్షేపణ భక్తికి విరోధం కాదు, భక్తిలో ఒక భాగం.

కూర్మనాథకవి తిరిగిన నేలకు దగ్గరలోనే, అతని తరువాతి శతాబ్దంలో చౌదరి కీర్తనలు పుట్టాయి. నిందాస్తుతి అనే సిద్ధపాత్ర చేతికి అందేంత దూరంలో ఉంది. దానికి తగిన వస్తువు బైబిలులోనే సమృద్ధిగా ఉంది: యోబు ఆక్రోశం, విలాపవాక్యములు, దేవుడు ఎందుకు దాగి ఉన్నాడని అడిగే దావీదు కీర్తనలు. అయినా తెలుగు క్రైస్తవ కీర్తనలో దైవనింద అరుదు, ఆత్మనింద అధికం. చౌదరి రాగతాళాలను తెచ్చుకున్నాడు, ప్రాసను తెచ్చుకున్నాడు, శరణాగతిని తెచ్చుకున్నాడు. నిష్ఠురాన్ని మాత్రం గడప అవతల వదిలి వచ్చాడు.

దీనికి కారణాలను ఊహించవచ్చు. వదిలివచ్చిన దేవతలను విమర్శించిన నోటితో కొత్త దేవుణ్ణి విమర్శించడం నూతన విశ్వాసికి సులభం కాదు. చుట్టూ ఉన్నవారు తప్పుపట్టడానికి కాచుకున్నప్పుడు సందేహాన్ని బహిరంగంగా పాడడం ప్రమాదకరం. ఆత్మపరీక్షను విశ్వాసానికి గీటురాయిగా భావించిన నాటి మిషనరీ భక్తి కూడా ఆ దిశగానే నడిపించి ఉంటుంది.

అయితే ఒక ప్రతివాదాన్ని ఇక్కడ పరిగణించాలి. నిలదీత తెలుగు క్రైస్తవ ఆరాధనలో పూర్తిగా లేదనలేము. శుభశుక్రవారం నాడు సిలువ మీది ఏడు మాటలను ఒక్కొక్కటిగా ధ్యానించే ఆచారం మన ప్రాంతపు సంఘాల్లో బలంగా ఉంది. వాటిలో నాలుగో మాట ప్రశ్న. తనను ఎందుకు విడిచిపెట్టావని కుమారుడు తండ్రిని అడుగుతాడు. భక్తుడు అడగడానికి సంకోచించిన ప్రశ్నను దేవుడే దేవుణ్ణి అడిగాడు. 1972లో మోల్ట్‌మన్ తన 'సిలువ వేయబడిన దేవుడు' అనే అర్థమిచ్చే శీర్షికతో వెలువరించిన గ్రంథం ఈ కేక మీదనే నిలబడింది. ఆ దృష్టిలో దేవుడు దుఃఖానికి సంజాయిషీ ఇవ్వడు, దుఃఖంలోకి దిగుతాడు. క్రీస్తు శ్రమలను వర్ణించే తెలుగు కీర్తనలు ఈ వేదాంతాన్ని సూత్రీకరించకుండానే అనుభవంలోకి తెచ్చాయి. పశ్చాత్తాప కీర్తనలో లేని నిలదీత శ్రమకీర్తనలో క్రీస్తు గొంతుగా వినిపించింది. కాబట్టి రెండు రకాల కీర్తనలను విడివిడిగా కాక కలిపి చదవాలి. కాని ఆ ప్రశ్నకు ఏడాదిలో ఒక్క మధ్యాహ్నమే చోటు దక్కిందన్న పరిమితిని కూడా విస్మరించరాదు.

ఋణం: 'యజ్ఞం' వేసే ప్రశ్న

తెలుగు బైబిలులో, మత్తయి సువార్తలోని ప్రభువు ప్రార్థన పాపానికి 'ఋణం' అన్న మాటను వాడుతుంది. క్రీస్తు మరణాన్ని మానవుడి అప్పు తీర్చిన క్రియగా చెప్పడం తెలుగు క్రైస్తవ బోధలో పరిపాటి. ఈ ఉపమానాన్ని వినే సమాజంలో అప్పు అంటే ఏమిటి?

శ్రీకాకుళం జిల్లా మురపాకకు చెందిన కాళీపట్నం రామారావు 1960ల్లో రాసిన 'యజ్ఞం' కథ దీనికి కఠినమైన సాక్ష్యం. అప్పల్రాముడనే దళితుడి అప్పు మీద పంచాయతీ సాగుతుంది. ధర్మం పేరిట పెద్దలు అప్పు తీర్చి తీరాలని తేలుస్తారు. తీర్చడమంటే కొడుకులు, మనుమలు కంబారితనానికి కట్టుబడడమే. అప్పల్రాముడి కొడుకు సీతారాముడు ఆ దాస్యం తన సంతానానికి సంక్రమించకుండా తన బిడ్డనే నరికివేస్తాడు. కథలో క్రైస్తవ ప్రస్తావన ప్రధానం కాదు. అయినా దాని నిర్మాణం క్రైస్తవ వేదాంతం ముందు ఒక అద్దాన్ని నిలుపుతుంది. ఒకరు చేసిన ఋణం తరతరాలకు సంక్రమించడం, తండ్రి చేతుల్లో కొడుకు బలి కావడం, ఆ బలికి యజ్ఞమని పేరు రావడం. ఆదిపాప సిద్ధాంతంలోనూ విమోచన సిద్ధాంతంలోనూ ఉన్న అంశాలే ఇవి. తేడా ఒక్కటే. వేదాంతంలో బలితో ఋణం తీరుతుంది. కథలో బలి ఋణాన్ని తీర్చదు, ఆ ఋణం అన్యాయమని బయటపెడుతుంది.

ఇక్కడ ఆదిపాప భావనకు ఎదురయ్యే ఇబ్బంది తార్కికమైనది మాత్రమే కాదు. పుట్టుకతోనే అప్పులో ఉన్నావని ఊరి పెద్ద చెప్పిన మనిషికి, పుట్టుకతోనే ఋణస్థుడవని బోధకుడూ చెబితే ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి బలపరుస్తాయి. మరోవైపు, ఋణమంతా కొట్టివేయబడిందన్న ప్రకటన అదే మనిషికి అసాధారణమైన విడుదలగా వినిపిస్తుంది. ఉపమానం బంధించగలదు, విడిపించగలదు. ఏది చేస్తుందన్నది ఎవరు ఎవరికి చెబుతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. 1980ల్లో అరవింద్ నిర్మల్ ప్రభృతులు రూపొందించిన దళిత వేదాంతం, దేవుణ్ణి ఋణదాతగా కాక బాధితుడి పక్షాన సేవకుడిగా గుర్తించింది. తెలుగులో ఆ దిశకు 'గబ్బిలం' కవి జాషువా అప్పటికే బాట వేశాడు. ఆకలిని, అంటరానితనాన్ని కర్మఫలంగా ఒప్పుకోక, మనుషులు చేసిన కీడుగా ఆయన గుర్తించాడు. దానిని శివుడికి ఫిర్యాదుగా పంపాడు. కూర్మనాథకవి నిలదీత ఇక్కడ మరో రూపంలో తిరిగి ప్రాణం పోసుకుంది.

ముగింపు

ఉత్తరాంధ్ర క్రైస్తవ కీర్తన కీడు సమస్యకు వివరణ ఇవ్వలేదు. దానిని లోపంగా మాత్రమే చూడనక్కరలేదు. వివరణ ఇచ్చిన యోబు స్నేహితుల కన్నా, వివరణ మానివేసి శ్రోతను చూపిన చౌదరి బైబిలు హృదయానికి దగ్గరగా ఉన్నాడు. నియమం స్థానంలో వ్యక్తిని నిలపడం అతని కీర్తన సాధించిన మేలు. నిరపరాధి దుఃఖానికి పశ్చాత్తాపం తప్ప మరో గొంతు ఇవ్వకపోవడం దాని పరిమితి. శ్రమకీర్తనలు ఆ పరిమితిని కొంత పూరించాయి. 'పాపం' అన్న మాటలోని జాలి, 'శ్రమ' అన్న మాటలోని చెమట, 'ఋణం' అన్న మాటలోని దాస్యం ఆ కీర్తనకు దాని కర్తలు ఉద్దేశించని అర్థాలను కూడా సమకూర్చాయి.

తెలుగు సాహిత్య చరిత్రల్లో క్రైస్తవ కీర్తన తరచు మతప్రచార సాహిత్యమన్న శీర్షిక కింద ఒక పేరాతో ముగిసిపోతుంది. దానిని శతక వాఙ్మయంతో, నిందాస్తుతితో, ఆధునిక కథతో కలిపి చదివినప్పుడే అది ఏమి పాడిందో, ఏమి పాడలేకపోయిందో తెలుస్తుంది. ఉద్దానంలో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లివచ్చే రైతు ఏ జన్మ పాపమని గాని, ఏ తండ్రి పాపమని గాని అడిగితే, అతనికి జవాబుగా మరో కారణం చెప్పడం కన్నా, అతని ప్రశ్నను అతనితో కలిసి అడగగల పాట అవసరం. అటువంటి పాటకు కావలసిన భాష, ఛందస్సు, సంప్రదాయం ఈ నేలలో ముందే ఉన్నాయి.